ఊడిన పన్ను, పక్క పళ్ల గోల
దంతవైద్యం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి. పన్ను పోయింది, మళ్లీ పెట్టించుకోవాలా, వద్దా? అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈసారి వీటికే చోటు ఇస్తున్నాం.

ప్రశ్న: రెండేళ్ల కిందట కింది దవడలో ఎడమవైపు పెద్ద పన్ను పుచ్చిపోతే పీకించుకున్నాను. నవ్వినా ఎవరికీ కనపడదు, నొప్పి లేదు, రెండో వైపు నమిలేస్తున్నాను. మొన్న వేరే పని మీద వెళితే డాక్టరు గారు అక్కడ పన్ను పెట్టించుకోమన్నారు. అంత అవసరమా, లేక ఖర్చు పెట్టించడానికేనా? – గృహిణి, తెనాలి

జవాబు: నొప్పి లేదన్న మాట నిజమే. కాకపోతే పన్ను పోయిన ఖాళీ ఖాళీగా ఉండదు. పన్ను ఎముకలోకి మేకులా దిగి ఉంటుందనుకుంటాం. అసలు సంగతి వేరు. వేరుకూ ఎముకకూ మధ్య మిల్లీమీటరులో అయిదో వంతు మందంలో ఒక నారపొర ఉంటుంది. పన్ను దాంట్లో ఉయ్యాలలో ఉన్నట్టు వేలాడుతుంది. కింది పన్ను, పక్క పళ్లు, నాలుక, బుగ్గ అన్నీ ఒకదాన్నొకటి ఆపుకుంటేనే దాని స్థానం నిలుస్తుంది. ఒకటి తప్పుకుంటే మిగతావి సర్దుకోవడం మొదలుపెడతాయి.

మీరు చెప్పినది బహుశా మధ్యగీత నుంచి లెక్కిస్తే ఆరో పన్ను. ఆరేళ్ల వయసులో వస్తుంది, పాలపన్ను ఏదీ ఊడకుండానే వెనక నుంచి మొలుస్తుంది, దాంతో చాలామంది తల్లిదండ్రులు దాన్ని పాలపన్నే అనుకుని వదిలేస్తారు. అందరికంటే ముందు పోయేదీ అదే. అది పోగానే వెనకనున్న ఏడో పన్ను ముందుకు వాలుతుంది. వాలిన పంటికీ చిగురుకూ మధ్య ముందువైపు ఒక వాలు గుంట ఏర్పడుతుంది. బ్రష్షు ఎంత తిప్పినా ఆ గుంటలోకి పోదు. అక్కడ పాచి పేరుకుంటుంది, గార కడుతుంది, చిగురు జారుతుంది. ఇక పైన, మీరు పీకించుకున్న పంటికి ఎదురుగా ఉన్న పన్ను తనను ఆపేది లేక కిందికి దిగుతుంది. దాని వేరు బయటపడి చల్లటి నీళ్లకు జివ్వుమంటుంది. దానికీ పక్క పంటికీ మధ్య వరస చెడి సందు పడుతుంది. గోంగూర పీచో, మాంసం పీచో ఇరుక్కుని, పిన్నీసుతో కెలుక్కునే రోజు అప్పుడు వస్తుంది. ఆ రోజున మీకు పై పన్ను చెడిపోయిందనిపిస్తుందే తప్ప, కారణం కిందున్న ఖాళీ అని తోచదు.

ఎముక మాట కూడా చెప్పుకోవాలి. నమిలే ఒత్తిడి తగిలినన్నాళ్లే దవడ ఎముక ఆ చోట నిలుస్తుంది. పన్ను తీసిన ఏడాదిలో అక్కడి ఎముక వెడల్పు దాదాపు సగానికి తగ్గుతుంది, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతుంది. మీకు రెండేళ్లయింది కాబట్టి ఆ నష్టం చాలావరకు జరిగిపోయింది.

ఇంతమాత్రాన కంగారు పడనక్కరలేదు. ఈ కదలిక అందరిలో ఒకేలా ఉండదు. పై పన్ను సగం ఖాళీ మీద, సగం పక్క కింది పంటి మీద ఆని ఉంటే అది ఏళ్ల తరబడి దిగకుండా ఆగిపోవచ్చు. మీరే ఒకసారి అద్దంలో చూసుకోండి. పళ్లు మామూలుగా కరిచిపట్టి, చెంచా కాడతో ఎడమ బుగ్గను పక్కకు లాగండి. పై వరసలో ఆ ఒక్క పన్ను పక్కవాటికంటే కిందికి వేలాడుతోందా? కింద వెనక పన్ను ఖాళీలోకి తల వాల్చిందా? రెండింటికీ కాదన్నదే జవాబయితే మీకు నింపాదిగా ఆలోచించుకునే వ్యవధి ఉంది. ఆరు నెలల తేడాతో పళ్ల అచ్చులు తీయించి పోల్చి చూడమని అడగవచ్చు. అవునైతే ఆలస్యం చేసే కొద్దీ పని పెరుగుతుంది. ఒకటి, రెండు మిల్లీమీటర్లు దిగితే పై పంటిని కొంచెం అరగదీసి సరిచేస్తారు. అంతకంటే ఎక్కువైతే ఆ ఆరోగ్యమైన పంటికి రూట్ కెనాల్ చేసి క్యాపు వేయడమో, చిన్న మరలు బిగించి నెలల తరబడి పైకి జరపడమో చేయాలి. కింద ఒక పన్ను పెట్టించుకుంటే సరిపోయే ఖర్చు పైకి కూడా పాకుతుందన్నమాట.

రెండో వైపు నమిలేస్తున్నానన్నారు. ఈసారి పళ్లు శుభ్రం చేయించుకునేటప్పుడు ఏ వైపు గార ఎక్కువ ఉందో అడగండి. నమలని వైపే ఉంటుంది. నమిలేటప్పుడు లాలాజలం ఊరి, ఆహారం రాపిడితో పంటి మీది పాచి కొంత దానంతటదే పోతుంది. ఆ రాపిడి లేని వైపు, మంచి పళ్లున్నా, చిగుళ్లు ముందు దెబ్బతింటాయి.

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. జ్ఞానదంతాలు నాలుగూ పోయాయి, పైన రెండు వైపులా చివరి దవడ పళ్లూ పోయాయి. ఇడ్లీ నుంచి చేగోడీ దాకా అన్నీ తింటున్నాను. ఈ ఖాళీలన్నీ పూడ్చాలా? – విశ్రాంత ఉద్యోగి, కర్నూలు

జవాబు: అక్కరలేదు. జ్ఞానదంతాల స్థానంలో ఎవరూ పళ్లు పెట్టరు. ఏడో పన్ను కూడా, ముందున్నవన్నీ గట్టిగా ఉండి కింది పళ్లతో కలుస్తుంటే, తప్పనిసరి కాదు. ముందు పళ్లు, వాటి వెనక చిన్న దవడ పళ్లు కలిపి పైనా కిందా ఇరవై ఎదురెదురుగా ఉంటే చాలామందికి నమలడానికి, మాట్లాడడానికి సరిపోతుందని 1981లోనే నెదర్లాండ్స్ దంతవైద్యుడు కైసర్ రాశారు. జపాన్ వాళ్లు 1989లో మొదలుపెట్టిన ప్రచారానికి '8020' అని పేరు పెట్టుకున్నారు. ఎనభై ఏళ్లకు ఇరవై సొంత పళ్లు అని అర్థం.

మీరు చూసుకోవలసింది ఒకటే. పైన లేని పళ్లకు ఎదురుగా కింద ఉన్న చివరి పళ్లు పైకి లేస్తున్నాయేమో, పై చిగురును పొడుస్తున్నాయేమో ఏడాదికొకసారి చూపించండి.

ప్రశ్న: వయసు 34. బైకు మీద నుంచి పడి కింది కుడివైపు అయిదో పన్ను పగిలింది. వేరు నిలువునా చీలిందని తీసేశారు. రెండు పక్కల పళ్లూ బాగున్నాయి. ఒక ఆస్పత్రిలో బ్రిడ్జి అంటున్నారు, ఇంకో చోట ఇంప్లాంట్ అంటున్నారు. రెండోది ఖరీదు ఎక్కువ. ఏది మంచిది? – అధ్యాపకుడు, వరంగల్

జవాబు: మీ ప్రశ్నలోనే జవాబు ఉంది: "రెండు పక్కల పళ్లూ బాగున్నాయి." బ్రిడ్జి అంటే మూడు క్యాపుల గొలుసు. మధ్యది ఉత్త పన్ను, అటూ ఇటూ ఉన్నవి మీ పళ్ల మీద తొడిగేవి. తొడగడానికి చోటు కావాలి కాబట్టి ఆ రెండు పళ్లను పైన ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు, చుట్టూ ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు చెక్కుతారు. లెక్క వేస్తే బయటికి కనిపించే పంటిలో సగానికి పైగా పోతుంది. చెక్కిన పన్ను మళ్లీ పెరగదు. 34 ఏళ్ల వాడికి చుక్క పుచ్చు లేని రెండు పళ్లను అలా చెక్కడం మా దృష్టిలో చివరి మార్గం. అదే ఆ పక్క పళ్లకు ఇప్పటికే పెద్ద సిమెంట్లు ఉండి, ఎలాగూ క్యాపులు వేయాల్సి ఉంటే బ్రిడ్జే తెలివైన పని. అప్పుడు ఇంప్లాంట్‌కు వేరే ఖర్చు పెట్టడం అనవసరం.

ఇంప్లాంట్ అంటే ఎముకలో బిగించే టైటానియం మర. మామూలుగా మూడున్నర నుంచి అయిదు మిల్లీమీటర్ల లావు, ఎనిమిది నుంచి పదమూడు మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే వైద్యుడు 1965లో మొదటి రోగికి పెట్టిన మరలు ఆ రోగి 2006లో కన్నుమూసేదాకా పనిచేశాయి. మర బిగించిన రోజునే పన్ను రాదు. ఎముక దాని చుట్టూ అల్లుకోవడానికి కింది దవడలో రెండు, మూడు నెలలు, పై దవడలో అంతకంటే ఎక్కువ పడుతుంది. ఆ తరవాత దాని మీద క్యాపు.

మీ విషయంలో ఒక జాగ్రత్త. కింది దవడలో అయిదో పంటి దగ్గర పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం ఎముకలోంచి బయటికి వస్తుంది. మర కొసకూ ఆ నరానికీ మధ్య కనీసం రెండు మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. పక్క పంటి వేరుకు ఒకటిన్నర మిల్లీమీటరు ఎడం ఉండాలి. మామూలు ఎక్స్‌రే చదునుగా ఉంటుంది, ఎముక వెడల్పు చెప్పదు. అందుకని ఎముకను అన్ని వైపుల నుంచీ చూపే సీబీసీటీ స్కాన్ తీయకుండా అక్కడ మర దించుతామంటే ఒప్పుకోకండి.

ఇంప్లాంట్ ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. మధుమేహం అదుపులో లేనివాళ్లు, అంటే మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ) ఎనిమిది శాతం దాటినవాళ్లు, ముందు దాన్ని తగ్గించుకోవాలి. సిగరెట్, బీడీ మానలేనివాళ్లకు మర నిలవకపోవడం ఎక్కువ. ఎముకలు గుల్లబారకుండా ఇచ్చే మాత్రలు, ఇంజెక్షన్లు వాడుతుంటే ఆ సంగతి పన్ను పీకించుకునే ముందే చెప్పాలి, లేకపోతే దవడ ఎముక మానకుండా మొండికేస్తుంది. గుండెకు రక్తం పలచన చేసే మాత్రలు వాడేవాళ్లు ఎవరో చెప్పారని వాటిని సొంతంగా ఆపకూడదు.

ఇంప్లాంట్‌కు పుచ్చు రాదు కదా అని తోమడం మానేసేవాళ్లున్నారు. పుచ్చు రాదు, నిజమే. చిగురు వాస్తుంది, ఎముక కరుగుతుంది. సొంత పంటికి ఉండే నారపొర దానికి లేదు కనుక నొప్పి తెలియదు. మర కదిలేదాకా ఏమీ జరగనట్టే ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మకు పైన నాలుగు పళ్లు కదులుతున్నాయి, చీము వస్తోంది. పై పళ్లు పీకిస్తే కళ్లు పోతాయని ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పాలి? – శ్రీకాకుళం

జవాబు: చూపు మెదడుకు అందించే నరం వేరు, పంటి నొప్పిని అందించే నరం వేరు. రెండూ రెండు దారులు. ఈ భయం ఎక్కడ పుట్టిందో ఊహించడం కష్టం కాదు: చిగుళ్లు జారి పళ్లు తీయించుకునే వయసు, చత్వారం వచ్చే వయసు రెండూ నలభై దాటాకే. పన్ను తీసిన ఆర్నెల్లకు సూదిలో దారం ఎక్కకపోతే నింద పంటి మీద పడుతుంది.

కంటికి ముప్పు వచ్చేది పీకించనప్పుడు. పై కోర పంటి దగ్గర చీము ముదిరితే బుగ్గ వాచి, కంటి కిందికి పాకుతుంది. ఒక్కోసారి అక్కడి సిరల గుండా లోపలికి పోయి ప్రాణం మీదికి తెస్తుంది. అమ్మగారికి కన్ను మూసుకుపోయేంత వాపు, జ్వరం ఉంటే రేపటిదాకా ఆగకండి.

పీకించాక దూదిని నలభై నిమిషాలు గట్టిగా కరిచి ఉంచాలి. ఆ రోజంతా ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, స్ట్రాతో పీల్చకూడదు. గుంటలో కట్టిన రక్తపు గడ్డే మందు. అది ఊడితే మూడో రోజుకు చెవిదాకా లాగే నొప్పి వస్తుంది. ఉప్పు నీళ్లు మర్నాటి నుంచి.

ప్రశ్న: డిసెంబరులో నాలుగు వారాలు సెలవు మీద వస్తున్నాను. ఇక్కడ నాలుగు నెలల కిందట కింది దవడ పన్ను తీశారు. హైదరాబాద్‌లో మూడు రోజుల్లో ఇంప్లాంటు, క్యాపుతో సహా పూర్తి చేస్తామని ప్రకటన చూశాను. నమ్మవచ్చా? – ఒక పాఠకుడు, డాలస్

జవాబు: వెంటనే పన్ను బిగించే పద్ధతి ఉంది, అబద్ధం కాదు. ఎముక గట్టిగా ఉండి, మర బిగుతుగా దిగి, పన్ను ముందువైపుదైతే నిపుణులు చేస్తారు. దవడ పంటికి, అదీ కొన్ని వారాల్లోనే పద్నాలుగు వేల కిలోమీటర్ల దూరం వెళ్లిపోయే మనిషికి, మేము సలహా ఇవ్వం. నమిలే ఒత్తిడికి మర మొదటి వారాల్లో వెంట్రుకవాసి కదిలినా దాని చుట్టూ ఎముక బదులు పీచు కడుతుంది. అప్పుడు దాన్ని తీసేయాల్సిందే.

మీ నాలుగు వారాలను ఇలా వాడుకోండి. దిగిన మొదటి రెండు రోజుల్లో స్కాన్, రక్తపరీక్షలు. అదే వారంలో మర. పది రోజులకు కుట్లు తీస్తారు. తరవాత ఇంకోసారి చూపించి వెళ్లిపోండి. క్యాపు వచ్చే ప్రయాణంలో వేయించుకోవచ్చు. మర ఏడాదిపాటు చిగురు కింద ఉన్నా దానికేం కాదు, పక్క పళ్లు వాలకుండా చూసుకుంటే చాలు. అందుకు రాత్రి పెట్టుకునే పారదర్శక తొడుగు ఒకటి చేయించుకోండి. క్యాపు డాలస్‌లోనే వేయించుకోవాలనుకుంటే, రెండు దేశాల్లోనూ దొరికే కంపెనీ మర అడగండి. ప్రతి మర పెట్టె మీదా ఒక స్టిక్కరు ఉంటుంది: కంపెనీ, రకం, లావు, పొడవు, బ్యాచి నంబరు. దాన్ని మీ కార్డు మీద అంటించి ఇవ్వమనండి. ఒక కంపెనీ స్క్రూడ్రైవరు ఇంకో కంపెనీ మరకు పట్టదు. పదేళ్ల తరవాత స్క్రూ వదులైతే ఆ చిన్న కాగితమే మిమ్మల్ని కాపాడుతుంది.

పై దవడలో వెనక పంటికైతే సైనస్ గది అడుగున ఎముక నింపాల్సి రావచ్చు. అది చేయించుకున్నాక కనీసం రెండు వారాలు విమానం ఎక్కకూడదు, ముక్కు గట్టిగా చీదకూడదు. మీది కింది పన్ను కాబట్టి ఆ బెడద లేదు.

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. పైనా కిందా కట్టుడు పళ్లు. పై సెట్టు బాగానే ఉంది, కింది సెట్టు మాట్లాడుతుంటేనే ఎగురుతోంది. ఇంట్లో ఆకురాయితో రుద్దుకున్నారు, విరిగితే ఫెవిక్విక్‌తో అతికించుకున్నారు. ఇప్పుడు జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు, అన్నం పెరుగుతో మింగేస్తున్నారు. – నిజామాబాద్

జవాబు: కింది సెట్టుతో మీ నాన్నగారి గొడవ కట్టుడు పళ్లున్న ఇంటింటా ఉన్నదే. పై సెట్టు అంగిలినంతా కప్పుతుంది, మధ్యలో పలచటి లాలాజలం పొర ఉండి తడి గాజు పలకల్లా అంటుకుపోతుంది. కింది సెట్టు గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది, పట్టుకోవడానికి చోటు తక్కువ, మధ్యలో నాలుక ఊరుకోదు. పైగా పళ్లు పోయాక కింది దవడ ఎముక పై దవడకంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా అరుగుతుంది. అందుకే చేసిన కొత్తలో సరిపోయిన సెట్టు తరవాత వదులవుతుంది. తప్పు ఎప్పుడూ చేసినవాళ్లదే కాదు.

ఆకురాయి, ఫెవిక్విక్ రెండూ ఆపించండి. ఆకురాయితో ఒక చోట తగ్గిస్తే సెట్టు ఇంకో చోట ఊగుతుంది. ఆ జిగురుతో అతికిన ముక్కలు అర మిల్లీమీటరు పక్కకు అతికినా మళ్లీ కుదరవు. ముక్కలు ఉన్నవి ఉన్నట్టు తెస్తే ల్యాబులో ఒక పూటలో కలుపుతారు.

సెట్టు చేసి ఎన్నేళ్లయిందో చూడండి. అయిదారేళ్ల లోపుదై, పళ్లు అరగకుండా ఉంటే లోపలివైపు కొత్త పొర పోయించవచ్చు. దీన్ని రీలైనింగ్ అంటారు. అంతకంటే పాతదై, నోరు మూస్తే గడ్డం ముక్కుకు తగిలేటట్టు ముఖం కుంచించుకుపోతుంటే కొత్తది చేయించడమే మేలు. చిగురు మీద పుండు ఉంటే, చూపించుకోవడానికి వెళ్లే రోజు పొద్దుటి నుంచి సెట్టు పెట్టుకునే ఉండమనండి. నాలుగు గంటలు పెట్టుకుంటేనే ఎక్కడ ఒరుసుకుంటోందో ఎర్రగా తెలుస్తుంది. నాలుగు రోజులు తీసేసి మానిన నోటితో వెళితే డాక్టరుకు రుద్దడానికి చోటు కనపడదు. రెండు వారాలు సెట్టు తీసినా మానని పుండు మాత్రం సెట్టు పుండు కాదు. వెంటనే పరీక్ష చేయించాలి, పొగాకు అలవాటు ఉంటే మరీను.

తినడం కూడా కొత్తగా నేర్చుకోవాలి. మొదటి వారం ఇడ్లీ, ఉప్మా, మెత్తటి పప్పన్నం, ఆ తరవాత కూరలు. ముందు పళ్లతో కొరకకూడదు, జామకాయైనా జొన్నరొట్టైనా చిన్న ముక్కలు చేసుకుని రెండు వైపులా సమానంగా పెట్టుకుని నమలాలి. ఒక్క వైపే నమిలితే రెండో వైపు లేస్తుంది. ఎంత బాగా కుదిరినా కట్టుడు పళ్ల నమిలే బలం సొంత పళ్లలో నాలుగో వంతు మించదు. ఆ సంగతి ముందే చెబితే ఆయన సగం విసుగు తగ్గుతుంది.

రాత్రి తీసి నీళ్లలో వేయాలి. ఎండితే వంకర పోతుంది, వేడి నీళ్లు పోసినా పోతుంది. పేస్టుతో తోమకూడదు, గీతలు పడి వాటిలో పాచి చేరుతుంది. ఒంటికి రాసే సబ్బు, మెత్తని బ్రష్షు చాలు. కడిగేటప్పుడు కింద నీళ్లు నింపిన బకెట్టో బేసినో పెట్టుకుంటే చేయి జారినా పగలదు. పడుకునేటప్పుడూ తీయకపోతే అంగిలి ఎర్రబడి బూజు చేరుతుంది, చాలామందికి అది నొప్పి కూడా పెట్టదు.

జిగురు క్రీము అడుగుతారేమో: రోజుకు ఒకసారి, శనగగింజంత మూడు, నాలుగు చోట్ల, జింకు లేని రకం. అంతకంటే ఎక్కువ పడుతోందంటే సెట్టు బాగు చేయించాలని అర్థం. ఎముక మరీ అరిగిపోయినవాళ్లకు కింది దవడ ముందు భాగంలో రెండు ఇంప్లాంట్లు పెట్టి, సెట్టును ప్రెస్ బటన్లలా వాటికి తగిలించే పద్ధతి ఉంది. కింది దవడకు అదే మొదటి ఎంపిక కావాలని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు చెప్పారు. డెబ్బై రెండేళ్ల వయసు దానికి అడ్డు కాదు, అదుపులో లేని షుగరు అడ్డు. ఖర్చు భారమైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత కళాశాలలో కట్టుడు పళ్ల విభాగం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లకు విజయవాడ, కడపల్లో ఉన్నాయి. అయిదారు సార్లు తిరగాలి, ఓపిక పట్టమనండి.

ప్రశ్న: సంతలో ఒకాయన అరగంటలో కదలని పన్ను పెట్టాడు. ఆరు నెలలుగా బాగుంది. ఇప్పుడు చిగురు నుంచి రక్తం, వాసన. – ఖమ్మం జిల్లా

జవాబు: ఆయన చేసిన పని ఇది. తయారు పన్ను ఒకటి చిగురు మీద నిలబెట్టి, పక్క పళ్లకు సన్న తీగ చుట్టి, పొడి, ద్రవం కలిపిన గులాబి రంగు ముద్దను దాని చుట్టూ మెత్తాడు. ఆ ముద్ద గట్టిపడేటప్పుడు వేడెక్కి చిగురును కాలుస్తుంది. ఆ తరవాత తీయడానికి రాదు, కింద కడగడానికి రాదు. రోజూ తిన్నది దాని కిందే కుళ్లుతుంది. పోయింది ఒక పన్నే, ఇంకో ఏడాది ఉంచితే తీగ చుట్టిన రెండూ కదులుతాయి.

మీరే లాగకండి, తీగతోపాటు పక్క పన్ను వస్తుంది. దంతవైద్యుడు చిన్న యంత్రంతో ముక్కలు చేసి తీస్తారు. చిగురు మానాక, పక్క పళ్ల పట్టు చూసి ఏది పెట్టాలో చెబుతారు. చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ఈ పని చేయకూడదు. గోడ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడడం రోగి హక్కు.

ప్రశ్న: మా బాబుకు ఏడున్నరేళ్లు. కింద పాల దవడ పన్ను, వెనకది, పుచ్చి తీసేశారు. ఎలాగూ కొత్తది వస్తుంది కదా అని వదిలేశాం. ఇప్పుడు తీగలాంటిది పెట్టాలంటున్నారు. – అనంతపురం

జవాబు: పెట్టించండి. దాని కింద నుంచి రావాల్సిన పన్ను పది, పన్నెండేళ్ల మధ్య వస్తుంది. ఈలోగా వెనక ఆరేళ్ల పన్ను ముందుకు జరిగి ఆ చోటు ఆక్రమిస్తుంది. కొత్త పన్ను వచ్చేసరికి చోటుండదు, పక్కకు మొలుస్తుంది లేదా ఎముకలోనే చిక్కుకుంటుంది. పన్నెండేళ్లకు క్లిప్పులు వేయించే ఖర్చు ఈ తీగ ఖర్చుకంటే చాలా ఎక్కువ.

వెనక పంటికి ఒక ఉంగరం, దానికి అతికిన తీగ చుట్ట ముందు పంటికి ఆనుతుంది. అంతే. ముందు ఒక ఎక్స్‌రే తీయించి, కింద కొత్త పన్ను ఉందో లేదో చూడమనండి. కొందరికి ఆ పన్ను పుట్టుకతోనే ఉండదు. మూడు, నాలుగు నెలలకొకసారి చూపించాలి. ఉంగరం కింద సిమెంటు కరిగితే అక్కడ పుచ్చు మొదలవుతుంది. పల్లీపట్టి, సాగే చాక్లెట్లు, చూయింగ్ గమ్ వద్దు. కొత్త పంటి కొస చిగురు మీద కనపడగానే తీయించేయాలి. ముందు పాలపళ్లు త్వరగా ఊడితే మాత్రం సాధారణంగా ఇలాంటిదేమీ అవసరం ఉండదు.

ప్రశ్న: ఆరేళ్ల కిందట మూడు పళ్ల బ్రిడ్జి వేయించుకున్నాను. ఈ మధ్య ఆ వైపు నుంచి చెడువాసన. నొప్పి లేదు. రోజూ రెండుసార్లు తోముతాను. – కాకినాడ

జవాబు: ఒక చిన్న పరీక్ష చేసుకోండి. అద్దం ముందు నిలబడి, బ్రిడ్జి ఒక కొసను వేలితో నొక్కి వదలండి. తరవాత రెండో కొస. చిగురు అంచున లాలాజలం బుడగలు కట్టి, వేలికి వాసన అంటితే ఆ కొసన సిమెంటు కరిగి క్యాపు వదులైంది. రెండో కొస గట్టిగా పట్టి ఉండడం వల్ల బ్రిడ్జి ఊడి చేతికి రాదు, మీకు తెలియదు. నమిలిన ప్రతిసారీ అది పంపులా లోపలికి ఎంగిలిని లాగుతుంది. ఆ క్యాపు లోపలున్న పంటికి రూట్ కెనాల్ చేసి ఉంటే నరం లేదు కాబట్టి పుచ్చినా నొప్పి రాదు. మీరు నొప్పి లేదనడం ఇక్కడ ఊరట కాదు. ఆ వారంలోనే చూపించండి. త్వరగా వెళితే బ్రిడ్జి తీసి, శుభ్రం చేసి, మళ్లీ అతికించే అవకాశం ఉంది. ఆలస్యమైతే పన్నే పోతుంది, అప్పుడు ఖాళీ ఒకటి కాదు, రెండు.

బుడగలు రాకపోతే, వాసన మధ్యనున్న ఉత్త పంటి కింద నుంచి. బ్రష్షు అక్కడికి పోదు, అందుకే రెండుసార్లు తోమినా లాభం లేదు. మందుల షాపులో సూపర్ ఫ్లాస్ అడగండి. ఒక కొస తీగలా గట్టిగా, మధ్యభాగం ఉన్నిలా లావుగా ఉండే దారం. గట్టి కొసను బుగ్గ వైపు నుంచి ఉత్త పంటికీ పక్క క్యాపుకూ మధ్య, చిగురు దగ్గర దూర్చి నాలుక వైపు లాగండి. ఉన్ని భాగం ఉత్త పంటి కిందికి వచ్చాక ఆ చివర నుంచి ఈ చివరకు అయిదారు సార్లు ముందుకూ వెనక్కూ జరపండి. తరవాత అదే దారాన్ని పక్క క్యాపు మెడకు చుట్టి కిందికీ పైకీ రుద్దండి. రెండో వైపు కూడా అలాగే. రెండు నిమిషాల పని, రాత్రి పడుకునే ముందు ఒక్కసారి చాలు. మొదటి మూడు, నాలుగు రోజులు రక్తం వస్తుంది, వాసన కూడా ఉంటుంది. మానేయకండి, అది వాచిన చిగురు నుంచి వచ్చే రక్తం. వారం, పది రోజులకు రెండూ తగ్గాలి. తగ్గకపోతే బ్రిడ్జి అంచు కింద పుచ్చు ఉందేమో ఎక్స్‌రే తీయించండి. పిన్నీసు, చీపురుపుల్ల మాత్రం ముట్టుకోవద్దు.